ప్రశాంత చంద్ర మహలనోబిస్: సోపాన చిత్రం వెనుక ఒక జీవితం

కిందటి పాఠంలో మీరు దత్తాంశాన్ని తరగతులుగా విడగొట్టి, పౌనఃపున్య విభాజన పట్టిక తయారుచేసి, దాని ఆధారంగా సోపాన చిత్రం గీయడం నేర్చుకున్నారు. దీనినే ఇంగ్లీషులో హిస్టోగ్రామ్ అంటారని కూడా చదివారు. దీర్ఘచతురస్రాలను ఖాళీ లేకుండా పక్కపక్కన నిలబెట్టడం తప్ప ఇందులో ఏముంది అని మీలో కొందరికి అనిపించి ఉండవచ్చు. అలా అనిపించడంలో తప్పు లేదు. నాలుగు మార్కుల ప్రశ్నగా మాత్రమే చూస్తే అందులో అంతకు మించి కనిపించదు.

అందుకే ఈ పాఠంలో లెక్కలను కాసేపు పక్కన పెట్టి ఒక మనిషి జీవితం చదువుదాం. నది కరకట్టల ఎత్తు పెంచాలా వద్దా, ఈ ఏడు పంట ఎంత పండింది, కరువు తర్వాత పల్లెల్లో ఎవరి పరిస్థితి ఏమైంది అనే ప్రశ్నలకు అంకెలలోంచి జవాబు తీసిన మనిషి ఆయన. పాఠం చివర అదే తరహా పనిని కంప్యూటరులో స్ప్రెడ్‌షీట్ మీద మీరే చేస్తారు. పెన్సిలు, గ్రాఫు కాగితం దగ్గర పెట్టుకోండి. మధ్యలో కూడా అవసరమవుతాయి.

బాల్యం, చదువు

ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1893 జూన్ 29న కలకత్తాలో పుట్టారు. తాతగారు గురుచరణ్ తూర్పు బెంగాల్లోని విక్రమ్‌పూర్ నుంచి 1854లో కలకత్తా చేరి, వ్యాపారం చేసుకుంటూ బ్రహ్మసమాజంలో ముఖ్యుడైన వ్యక్తి. ఇంట్లో చదువుకు, సంస్కరణకు, వాదనకు కొదవ లేదు. ప్రశాంత చంద్ర బ్రహ్మ బాలుర పాఠశాలలో చదివి, ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి 1912లో భౌతికశాస్త్రంలో ఆనర్సు పట్టా తీసుకున్నారు. జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ అక్కడ ఆయన గురువులు. మేఘనాథ్ సాహా ఒక ఏడాది వెనుక చదివేవారు. అప్పట్లో ఆయనకు సాంఖ్యక శాస్త్రం అనే మాట కూడా తెలియదనే చెప్పాలి. ఆ కాలంలో మన దేశంలో ఏ విశ్వవిద్యాలయంలోనూ దానిని ప్రత్యేక విషయంగా బోధించేవారు కాదు.

1913లో ఆయన ఇంగ్లండు వెళ్లారు. లండన్‌లో చదవాలని ఉద్దేశం. ఒకరోజు సరదాగా కేంబ్రిడ్జి చూడడానికి వెళ్లి, తిరుగు రైలు తప్పిపోయి, ఆ రాత్రి ఒక మిత్రుని దగ్గర ఉండిపోయారు. అక్కడి కింగ్స్ కళాశాల, దాని ప్రార్థనాలయం ఆయనకు ఎంతో నచ్చాయి. మిత్రుడు ఇక్కడే చేరరాదా అన్నాడు. ఆయన మర్నాడు దరఖాస్తు పెట్టుకున్నారు, చేరిపోయారు. రైలు అందుకుని ఉంటే మన దేశంలో ఈ శాస్త్రం ఎప్పుడు, ఎవరి చేతుల మీదుగా మొదలయ్యేదో ఎవరు చెప్పగలరు?

కేంబ్రిడ్జిలో ఉన్నప్పుడే శ్రీనివాస రామానుజంతో స్నేహం కలిసింది. రామానుజం కుంపటి దగ్గర కూర వండుతుండగా మహలనోబిస్ ఒక పత్రికలో వచ్చిన చిక్కు లెక్క చదివి వినిపించిన ముచ్చట ప్రసిద్ధమైనది. ఒక వీధిలో ఒకే వరుసలో 1, 2, 3 అని ఇళ్లకు నెంబర్లు ఉన్నాయి. ఒకానొక ఇంటికి ఎడమవైపు ఉన్న నెంబర్ల మొత్తం, కుడివైపు ఉన్న నెంబర్ల మొత్తం సమానం. వీధిలో ఇళ్లు 50 కంటే ఎక్కువ, 500 కంటే తక్కువ. ఆ ఇంటి నెంబరు ఎంత? మహలనోబిస్ కొన్ని నిమిషాలు కుస్తీపట్టి జవాబు తెచ్చారు. రామానుజం గరిటె తిప్పుతూనే, ఆ ఒక్క వీధికి కాదు, అలాంటి అన్ని వీధులకూ పనికివచ్చే జవాబును ఒక అవిచ్ఛిన్న భిన్నంగా చెప్పేశారు. 288 ఇళ్ల వీధిలో 204వ ఇల్లు. మీరు కూడి సరిచూసుకోండి, రెండు వైపులా 20,706 వస్తుంది.

ఓడలో చదివిన సంపుటాలు

1915లో ఆయన భౌతికశాస్త్రంలో పరీక్ష పూర్తిచేశారు. ఇంటికి బయలుదేరాలంటే యుద్ధం వల్ల ఓడ ఆలస్యమైంది. ఆ ఖాళీ రోజుల్లో కళాశాల గ్రంథాలయంలో కూర్చుంటుండగా మెకాలే అనే అధ్యాపకుడు బయోమెట్రికా అనే పత్రిక సంపుటాలను చూపించారు. కార్ల్ పియర్సన్ నడిపే పత్రిక అది. హిస్టోగ్రామ్ అనే పేరు పెట్టింది ఈ పియర్సనే. మనుషుల ఎత్తులు, పుర్రెల కొలతలు, పీతల వెడల్పులు ఇలా ప్రాణుల కొలతలన్నింటినీ పట్టికలుగా, చిత్రాలుగా మార్చి, అవి ఏ ఆకారంలో పరుచుకుంటున్నాయో అందులో చర్చించేవారు. మహలనోబిస్ ఆ సంపుటాలన్నీ కొనుక్కుని ఓడ ఎక్కారు. దారి పొడవునా చదివారు. కలకత్తాలో దిగేసరికి ఆయన మనసులో ఒక విషయం గట్టిపడింది. ఈ పద్ధతులు ప్రాణుల కొలతలకే కాదు, వానకు, పంటకు, పరీక్ష మార్కులకు కూడా పనికివస్తాయి.

ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర అధ్యాపకుడిగా చేరారు. జీతం దానికే. సాంఖ్యక శాస్త్రం మాత్రం చాలా ఏళ్లు సాయంత్రాల పనిగానే సాగింది. 1917లో తత్త్వవేత్త బ్రజేంద్రనాథ్ శీల్ కలకత్తా విశ్వవిద్యాలయ పరీక్షా ఫలితాల దత్తాంశాన్ని పరిశీలించమని అడిగారు. మన దేశపు అంకెల మీద ఆయన చేసిన తొలి పనుల్లో ఇది ఒకటి. పరీక్ష మార్కుల సంగతి పాఠం చివర మీకు మళ్లీ ఎదురవుతుంది.

సగటు చాలదు

1920లో నాగపూర్ సైన్స్ కాంగ్రెసులో జంతుశాస్త్ర సర్వే అధిపతి నెల్సన్ అనండేల్ ఆయనకు పరిచయమయ్యారు. కలకత్తాలోని ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతలు అనండేల్ చాలా సేకరించి పెట్టుకున్నారు గాని, వాటితో ఏం చేయాలో తోచలేదు. మహలనోబిస్ వాటిలో పురుషుల ఎత్తులను తీసుకుని 1922లో ఒక పెద్ద వ్యాసం ప్రచురించారు. ఇక్కడ మొదలైన ఆలోచన పదిహేనేళ్లు సాగి, 1936లో ఆయన పేరుతోనే ప్రసిద్ధమైన దూరపు కొలతగా స్థిరపడింది. దీనిని డి స్క్వేర్ అని పిలుస్తారు. ఈ కొలత ఏమిటో సోపాన చిత్రం తెలిసిన మీకు సులభంగానే అర్థమవుతుంది.

రెండు ఊళ్ల మనుషుల ఎత్తులు కొలిచామనుకోండి. సగటు ఒక ఊళ్లో 162 సెంటీమీటర్లు, మరో ఊళ్లో 164. తేడా 2 సెంటీమీటర్లు. ఇది పెద్ద తేడాయా, చిన్న తేడాయా? సగటులు మాత్రమే చూస్తే చెప్పలేం. గ్రాఫు కాగితం మీద రెండు సోపాన చిత్రాలు ఒకే అక్షం మీద గీయండి. ప్రతి ఊళ్లోనూ ఎత్తులు సగటుకు అటూఇటూ బాగా విస్తరించి ఉంటే, అంటే క్రమవిచలనం 6 సెంటీమీటర్లు ఉంటే, రెండు గుట్టలూ దాదాపు ఒకదానిమీద ఒకటి పడతాయి. ఎదురుగా వచ్చిన మనిషి ఎత్తు చూసి అతనిది ఏ ఊరో చెప్పడం కుదరదు. క్రమవిచలనం 1 సెంటీమీటరే అయితే గుట్టలు చాలావరకు విడిపోతాయి. తేడా అదే 2. కాని దానిని విస్తరణతో భాగించి వర్గం చేస్తే మొదటి సందర్భంలో 0.11, రెండో సందర్భంలో 4 వస్తుంది. మహలనోబిస్ కొలతకు మూలం ఇదే. ఆయన దీనిని ఒక్క ఎత్తుకే కాక, ఎత్తు, చేయి పొడవు, తల వెడల్పు వంటి అనేక కొలతలకు కలిపి విస్తరింపజేశారు. పొడుగువాళ్ల చేతులూ పొడుగే కాబట్టి ఒకే సంగతిని రెండుసార్లు లెక్కపెట్టే ప్రమాదం ఉంది. దానిని కూడా ఈ సూత్రం సరిచేస్తుంది. నేడు కంప్యూటర్లతో దత్తాంశాన్ని వర్గీకరించేవారు, గుంపుకు చెందని వింత విలువలను పట్టుకునేవారు ఈ కొలతను ఇంకా వాడుతూనే ఉన్నారు.

ఆ రోజుల్లో మనుషుల కొలతలు తీసుకుని జాతుల మధ్య గీతలు గీయడం పాలకులకు ఒక అలవాటుగా ఉండేది. మహలనోబిస్ చేసిన పనిని ఆ గంపలోనే వేయడం సరికాదు. రిస్లీ అనే అధికారి సేకరించిన పాత కొలతలను ఆయన తిరిగి పరిశీలించి, అందులోని పొరపాట్లను సరిదిద్ది 1930లలో ప్రచురించారు. గుంపుల మధ్య తేడా చెప్పేముందు, గుంపు లోపల ఎంత తేడా ఉందో చూడాలనేది ఆయన సూత్రంలోనే ఇమిడి ఉంది.

కరకట్ట ఎత్తు పెంచాలా?

ఈ జీవితంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే ఘట్టం ఇది. కొంచెం నిదానంగా చదవండి.

1922లో ఉత్తర బెంగాల్లో పెద్ద వరద వచ్చింది. వరద నీటిని నిలబెట్టడానికి ఖర్చుతో కూడిన జలాశయాలు కట్టాలని ప్రభుత్వ ఇంజనీర్ల సంఘం అనుకుంది. అప్పటికి మహలనోబిస్ కలకత్తాలోని అలీపూర్ వాతావరణ కేంద్రంలో కూడా పనిచేస్తున్నారు. ఆయనను అడిగితే సుమారు 50 ఏళ్ల వానల, వరదల లెక్కలు తిరగేశారు. ఆ జలాశయాల వల్ల ఉపయోగం లేదని, కావలసింది నీరు త్వరగా బయటికి పోయే దారి అని తేల్చారు.

1926లో ఒరిస్సాలో బ్రాహ్మణి నదికి వరద వచ్చింది. నీరు ఎన్నడూ లేనంత ఎత్తుకు చేరింది. నది అడుగు మేట వేసి పైకి లేచింది, కాబట్టి కరకట్టలను కొన్ని అడుగుల మేర పెంచాలని ఇంజనీర్లు సూచించారు. వినడానికి సబబుగానే ఉంది. అడుగు లేస్తే నీరు పైకి వస్తుంది, నీరు పైకి వస్తే కట్ట పెంచాలి. మహలనోబిస్ మళ్లీ పాత దస్త్రాల దగ్గరికి వెళ్లారు. సుమారు 60 ఏళ్ల వానలు, నదుల నీటిమట్టాలు పరిశీలించారు. నది అడుగు లేచినట్టు దాఖలా లేదు. ఎగువన కురిసిన వాన అసాధారణం, అంతే. కట్టలు పెంచడం మందు కాదు. ఎగువన ఆనకట్టలు కట్టి వరదను అదుపు చేయాలి.

ఆయన చేసిన లెక్క చాలా విస్తారమైనది. అందులోని ఆలోచనను మాత్రం మనకు తెలిసిన చిత్రంతో ఇలా చెప్పుకుందాం. ఏటా నది చేరిన గరిష్ఠ మట్టాన్ని ఒక విలువగా తీసుకుని 60 విలువలకు సోపాన చిత్రం గీశామనుకోండి. చాలా ఏళ్లు మధ్య తరగతుల్లో పడతాయి. కొన్ని తక్కువ ఏళ్లు ఎడమవైపు ఉంటాయి. కుడివైపు మాత్రం ఒక పొడవైన తోక ఉంటుంది. అక్కడక్కడ ఒక్కో ఏడు, ఒక్కో దీర్ఘచతురస్రం. 1926 ఆ తోక చివర నిలబడుతుంది. ఇప్పుడు మొదటి 30 ఏళ్లకు ఒక చిత్రం, తర్వాతి 30 ఏళ్లకు ఒక చిత్రం విడిగా గీయండి. వాన తీరు మారకుండా నది అడుగు నిజంగా లేచి ఉంటే, రెండో గుట్ట మొత్తం కుడివైపుకు జరగాలి. మామూలు ఏళ్లు కూడా పైకి రావాలి. గుట్ట ఉన్నచోటే ఉండి తోకలో ఒక కొత్త ఏడు చేరితే, నది మారలేదు, వాన ఎక్కువైంది. ఒకే ఒక్క ఏడాది చూసిన కంటికి ఈ రెండింటి మధ్య తేడా తెలియదు. అదే కంటితో నిర్ణయం తీసుకుంటే, వందల మైళ్ల కట్ట మీద డబ్బు పోస్తాం. కట్ట వెనుక జనం మాకు ఇక భయం లేదనుకుని ఇళ్లు కట్టుకుంటారు. ఆ పై వరదకు ఏమవుతుందో గోదావరి, కృష్ణా లంకల్లో ఉండే మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఎగువన ఆనకట్టలు కట్టాలన్న ఆ సూచన దశాబ్దాల తర్వాత కార్యరూపం దాల్చింది. మహానది మీద హిరాకుడ్ ఆనకట్టను 1957లో ప్రారంభించారు.

ఒక గది నుంచి ఒక సంస్థ

1923లో మహలనోబిస్ నిర్మల కుమారిని వివాహం చేసుకున్నారు. అందరూ ఆమెను రాణి అని పిలిచేవారు. బ్రహ్మసమాజ నియమాల విషయంలో అల్లునితో పడని మామగారు పెళ్లికి ఒప్పుకోలేదు. మేనమామ, ప్రసిద్ధ వైద్యుడు నీలరతన్ సర్కార్ కన్యాదానం చేశారు. రవీంద్రనాథ్ ఠాగూర్‌కు ఈ దంపతులు ఎంతో సన్నిహితులు. 1926లో ఆయన ఐరోపా పర్యటనలో వెంట ఉన్నారు. విశ్వభారతి కార్యదర్శుల్లో ఒకరుగా మహలనోబిస్ పదేళ్లు పనిచేశారు.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఆయన గదిలోనే ఒక చిన్న ప్రయోగశాల ఏర్పడింది. అందులో పరీక్షనాళికలు లేవు, అంకెల పట్టికలు, చేత్తో తిప్పే లెక్కల యంత్రాలు ఉండేవి. 1931 డిసెంబరులో ఇది భారతీయ సాంఖ్యక సంస్థగా రూపుదిద్దుకుంది. 1933లో సంఖ్య అనే పత్రిక మొదలైంది. ఈ పేరు మీద ఒక్క మాట. సంస్కృతంలో సంఖ్య అంటే అంకె మాత్రమే కాదు, విచక్షణతో తెలుసుకోవడం అనే అర్థం కూడా ఉంది. రెండు అర్థాలూ కావాలనే ఆయన ఆ పేరు పెట్టారు.

ఈ సంస్థకు 1941లో వచ్చి చేరిన ఒక తెలుగు యువకుని గురించి ఇక్కడ చెప్పాలి. కల్యంపూడి రాధాకృష్ణారావు హువిన హడగళిలో 1920లో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామల్లో చదువుకుని, విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి గణితంలో ఎం.ఏ. పూర్తిచేశారు. ఉద్యోగం దొరక్క కలకత్తా వెళ్లిన ఆయన అక్కడ శిక్షణలో చేరారు. 1941లో సంయుక్త రాష్ట్రాలలో, అంటే నేటి ఉత్తరప్రదేశ్‌లో, సేకరించిన శరీర కొలతల విశ్లేషణలో మహలనోబిస్‌తో కలిసి పనిచేశారు. తర్వాత కేంబ్రిడ్జి వెళ్లి, ఆఫ్రికా తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాలను డి స్క్వేర్ పద్ధతితోనే పరిశీలించారు. సి.ఆర్. రావుగా ప్రపంచమంతా ఎరిగిన ఆయన 102 ఏళ్లు జీవించి 2023లో మరణించారు.

ప్రతి పొలమూ చూడనవసరం లేదు

1937 నుంచి బెంగాల్లో జనపనార పంట విస్తీర్ణం లెక్కపెట్టే పని మహలనోబిస్ చేతికి వచ్చింది. ప్రతి పొలమూ తిరిగి రాసుకోవడం అప్పటి పద్ధతి. వేలమంది మనుషులు, పెద్ద ఖర్చు. ఆయన కొన్ని పొలాలను మాత్రమే, ఎవరి ఇష్టాయిష్టాలకూ తావులేకుండా చీటీ తీసినట్టు ఎంపిక చేసి కొలిపించారు. అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక మెతుకు పట్టుకుంటాం. అయితే ఆ మెతుకు అంచున ఉన్నదే ఎప్పుడూ పడితే తప్పు చెబుతాం కదా. ఎంపికలో చీటీ ఎందుకో ఇప్పుడు మీకు తెలిసింది.

కొలిచేవాడు తప్పు చేస్తే? దీనికి ఆయన కనిపెట్టిన ఉపాయం నాకు చాలా ఇష్టం. ఒకే ప్రాంతంలో రెండు విడి నమూనాలు తీసి, రెండు వేరువేరు బృందాలకు అప్పగించేవారు. ఒకరి లెక్క ఒకరికి తెలియదు. చివర రెండు విభాజనాలను పక్కపక్కన పెడతారు. గుట్టలు కలిస్తే ధైర్యం. కలవకపోతే ఎవరి పనిలోనో పొరపాటు ఉంది, మళ్లీ చూడాలి. నమూనా లెక్కలను తొలినాళ్లలో చాలామంది అధికారులు నమ్మలేదు. ప్రతి పొలమూ చూసినవాడి కంటే కొన్ని పొలాలు చూసినవాడు ఎలా సరిగా చెప్పగలడని వాదించారు. అలసిపోయి, జీతం చాలక, చెట్టు కింద కూర్చుని పుస్తకం నింపే వేలమంది కంటే, శిక్షణ పొందిన కొద్దిమంది చేసిన పని నమ్మదగినదని ఆయన సమాధానం. ఖర్చు కూడా చాలా తక్కువ.

ఇంతలో 1943 వచ్చింది. బెంగాల్ కరువులో లక్షల మంది చనిపోయారు. కరువు గడిచాక మహలనోబిస్, ఆయన సహచరులు నమూనా పద్ధతిలో పల్లెలు తిరిగి, ఏ వృత్తులవారు ఎంత దెబ్బతిన్నారో, ఎవరు భూములు, పశువులు పోగొట్టుకున్నారో లెక్క తీసి 1946లో ప్రచురించారు. సగటు కుటుంబం పరిస్థితి ఇది అని చెప్పి ఊరుకుంటే అందులో సగం నిజమే ఉంటుంది. ఎకరాలు అమ్ముకున్న చిన్న రైతు, కొనుక్కున్న పెద్ద రైతు ఇద్దరూ కలిసి సగటులో మాయమవుతారు.

స్వాతంత్ర్యం తర్వాత

1945లో లండన్ రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకుంది. 1949లో కేంద్ర మంత్రివర్గానికి గౌరవ గణాంక సలహాదారు అయ్యారు. జాతీయాదాయ సంఘానికి అధ్యక్షత వహించారు. 1950లో జాతీయ నమూనా సర్వే ప్రారంభమైంది. దేశమంతటా పల్లెల్లో, పట్టణాల్లో ఇంటింటి ఖర్చు ఎంతో అడిగి రాసుకునే పని అది.

1956లో మొదలైన రెండో పంచవర్ష ప్రణాళికకు ఆధారమైన నమూనా ఆయనదే. ఉక్కు, యంత్రాల పరిశ్రమలకు పెద్దపీట వేసిన ఆ ప్రణాళికను మెచ్చినవారున్నారు, వినియోగ వస్తువులను, సేద్యాన్ని వెనక్కి నెట్టిందని తప్పుపట్టినవారూ ఉన్నారు. ఆ వాదన ఈ పాఠానికి సంబంధించినది కాదు. ఒక్క సంగతి మాత్రం చెప్పవచ్చు. కొలవడంలో ఆయనకున్నంత పట్టు, కొలిచినదాని మీద కట్టిన ప్రణాళికలో లేదని చాలామంది అభిప్రాయం, నా అభిప్రాయం కూడా.

ఆయన సంస్థలోకి 1956లో ఇంగ్లండు నుంచి తెప్పించిన ఎలక్ట్రానిక్ కంప్యూటరు వచ్చింది. మన దేశంలో నెలకొల్పిన మొదటిది అదే. ఒక గది నిండా ఉండేది. ఇప్పుడు మీ చేతిలోని ఫోను దానికంటే ఎన్నో రెట్లు వేగంగా లెక్క చేస్తుంది. 1960లో ఆయన ఇంటి ఖర్చుల దత్తాంశానికి ఒక కొత్త చిత్రం ప్రతిపాదించారు. సోపాన చిత్రంలో తరగతుల వెడల్పు సమానంగా ఉంటుంది, వాటిలోని కుటుంబాల సంఖ్య మారుతుంది. ఆయన దీనిని తిరగేశారు. కుటుంబాలన్నింటినీ తలసరి ఖర్చు ప్రకారం వరుసగా నిలబెట్టి, సమాన సంఖ్య గల గుంపులుగా విడగొట్టారు. అప్పుడు 1950లో రూపాయి విలువ ఒకటి, పదేళ్ల తర్వాత మరొకటి అయినా, అట్టడుగున ఉన్న పదో వంతు కుటుంబాలను నాటివారితో నేటివారిని పోల్చవచ్చు.

అందరితో సులువుగా సర్దుకుపోయే మనిషి కాదు ఆయన. సంస్థను తన చేతుల మీదుగానే నడపాలని చూసేవారు. దానితో చివరి రోజుల్లో కొన్ని చికాకులు కూడా పడ్డారు. 1968లో పద్మవిభూషణ్ పురస్కారం లభించింది. 1972 జూన్ 28న, 79వ పుట్టినరోజుకు ఒక్క రోజు ముందు, కలకత్తాలో మరణించారు. 2007 నుంచి జూన్ 29ని దేశంలో గణాంక దినోత్సవంగా జరుపుతున్నారు.

మీరే చేసి చూడండి

ఇప్పుడు స్ప్రెడ్‌షీట్ తెరవండి. ఈ కింది 20 మంది మార్కులు అభ్యాసం కోసం మేము కల్పించినవి. వీటిని ఎ నిలువు వరుసలో ఒకదాని కింద ఒకటి రాయండి: 12, 18, 22, 27, 28, 31, 35, 35, 35, 36, 38, 41, 44, 46, 47, 52, 55, 60, 63, 71.

బి వరుసలో తరగతుల ఎగువ హద్దులు రాయాలి. ఇక్కడ ఒక చిక్కుంది, జాగ్రత్త. మన పాఠ్యపుస్తకాల్లో 50-60 తరగతి అంటే 60 అందులో చేరదు, తర్వాతి తరగతిలో పడుతుంది. స్ప్రెడ్‌షీట్‌లోని ఫ్రీక్వెన్సీ అనే సూత్రం మాత్రం ఎగువ హద్దుతో సమానమైన విలువను ఆ తరగతిలోనే కలుపుకుంటుంది. మీరు 20, 30, 40 అని హద్దులు ఇస్తే, 60 మార్కుల విద్యార్థి కింది తరగతిలోకి జారిపోతాడు. చేత్తో వేసిన పట్టికకు, యంత్రం ఇచ్చిన దానికి తేడా వస్తుంది. మార్కులు పూర్ణాంకాలు కాబట్టి 19, 29, 39, 49, 59, 69, 79 అని ఇవ్వండి, తేడా పోతుంది.

సి వరుసలో ఫ్రీక్వెన్సీ సూత్రం రాసి, మొదట మార్కుల గడులను, తర్వాత హద్దుల గడులను చూపించండి. పాత కూర్పుల్లో అయితే జవాబు రావలసిన గడులన్నీ ముందే ఎంచుకుని, కంట్రోల్, షిఫ్ట్ మీటలు పట్టుకుని ఎంటర్ నొక్కాలి. 2, 3, 6, 4, 2, 2, 1 అని వస్తుంది. చివర అదనంగా వచ్చే గడి, ఆఖరి హద్దు దాటిన విలువల కోసం. ఇక్కడ అది సున్నా. కూడి చూడండి, 20 కావాలి. కాకపోతే ముందుకు వెళ్లకండి.

ఇప్పుడు ఈ సంఖ్యలతో నిలువు కమ్మీల చిత్రం గీయించండి. కమ్మీల మధ్య ఖాళీలు ఉంటాయి. గ్యాప్ విడ్త్ అనే చోట సున్నా పెడితే ఖాళీలు పోయి సోపాన చిత్రం అవుతుంది. కొత్త కూర్పుల్లో హిస్టోగ్రామ్ అనే చిత్రమే సిద్ధంగా ఉంటుంది గాని, అది తరగతుల వెడల్పు తానే నిర్ణయిస్తుంది. మీరు దానిని అలాగే ఒప్పుకోకండి.

చిత్రం చూడండి. 30-40 దగ్గర ఎత్తయిన గుట్ట, రెండువైపులా దిగుడు. మామూలుగానే ఉంది. ఇప్పుడు తరగతి వెడల్పు 5కు తగ్గించి, 14, 19, 24, 29, 34, 39 ఇలా 74 వరకు హద్దులు ఇచ్చి మళ్లీ చేయండి. 30 నుంచి 34 వరకు ఒక్కరే. 35 నుంచి 39 వరకు ఐదుగురు. వెడల్పు 10గా ఉన్నప్పుడు కనిపించని గోడ ఒకటి 35 దగ్గర లేచింది. ఉత్తీర్ణతకు కావలసిన మార్కులు 35 అయితే, 33, 34 దగ్గర ఉండవలసినవాళ్లు ఎక్కడికి వెళ్లారు? 20 మందితో తీర్పు చెప్పలేం, యాదృచ్ఛికంగా కూడా ఇలా రావచ్చు. అందుకని మీ అధ్యయన కేంద్రంలో పేర్లు లేకుండా దొరికే మార్కుల జాబితా ఏదైనా, కనీసం 100 మందిది, అనుమతి తీసుకుని సంపాదించండి. వెడల్పు 10తో ఒక చిత్రం, 5తో ఒక చిత్రం గీయండి. తర్వాత జాబితాను చీటీలు తీసి రెండు భాగాలు చేసి, ఒక భాగం మీరు, రెండో భాగం మీ తోటి అభ్యాసకులొకరు విడివిడిగా లెక్కించి, రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి చూడండి. గోడ రెండింటిలోనూ కనిపించిందా లేదా అన్నది మీ అభ్యాస పుస్తకంలో రాసి, వచ్చే సంప్రదింపు తరగతికి తీసుకురండి.